షిజీలోని పది పట్టికలు, మా తాత అడంగలు

చైనా చరిత్ర రచనకు మూలస్తంభమైన షిజీని నేను మొదట ఇంగ్లీషు అనువాదంలో చదివాను. రాజుల వృత్తాంతాలు, సేనానుల జీవితాలు, హంతకుల కథలు, వర్తకుల కథలు ఒకదాని వెంట ఒకటి చదువుతూ పోతుంటే, ఆ అనువాదంలో పట్టికల అధ్యాయాలు వదిలివేశారని, వాటిలో కొన్నింటి పీఠికలు మాత్రమే ఇచ్చారని ఆలస్యంగా గమనించాను. చదువరికి పనికిరాని భాగమని కాబోలు అనుకుని అప్పటికి ఊరుకున్నాను. కొన్నేళ్ళ తరవాత చైనా భాషలోని అసలు గ్రంథం పుటల చిత్రాలు చూసినప్పుడు, పుట నిండా నిలువుగా, అడ్డంగా గీతలు, వందల గళ్ళు, కొన్ని గళ్ళలో రెండు మూడు అక్షరాలు, చాలా గళ్ళలో ఏమీ లేకపోవడం కనిపించింది. ఆ భాష నాకు రాదు. అయినా ఆ పుట నాకు కొత్తగా అనిపించలేదు, ఎందుకంటే మా తాత పెట్టెలోని అడంగలు కాగితాలు సరిగ్గా అలాగే ఉండేవి.

మా తాత పెన్నా ఒడ్డున, ఆత్మకూరు తాలూకాలోని ఒక చిన్న ఊరికి కరణంగా పనిచేశారు. 1984లో ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసేదాకా ఆ ఊరి లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. అడంగలులో ఒక్కొక్క సర్వే నెంబరుకు ఒక్కొక్క వరుస ఉంటుంది. విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగు చేసేవారి పేరు, నీటి ఆధారం, పైరు, ఇలా గళ్ళు సాగుతాయి. చిన్నప్పుడు స్కేలు పట్టుకుని ఆయనకు గీతలు గీసిపెట్టడం నా పని. పైరు లేని నెంబరుకు గీత ఎందుకని ఒకసారి అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "గళ్ళో ఏమీ లేకపోయినా గీత మాత్రం గీయాల్రా అబ్బయా, లేదంటే రేపొచ్చేవాడు ఆ నెంబరే లేదనుకుంటాడు" అన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఒక విధంగా ఆ మాటకు వ్యాఖ్యానమే.

షిజీని రాసిన సిమా చ్యెన్ హాన్ వంశపు చక్రవర్తి వూ కొలువులో చరిత్రాధికారి. ఆ పదవి అంతకుముందు ఆయన తండ్రిది. గ్రంథ సంకల్పం కూడా తండ్రిదే, ఆయన క్రీ.పూ. 110లో మరణిస్తూ దానిని కొడుకుకు అప్పగించాడు. మొత్తం 130 అధ్యాయాలు. వాటిలో 12 రాజవృత్తాంతాలు, 10 పట్టికలు, 8 శాస్త్రవిషయాలు, 30 సామంత వంశాలు, 70 జీవితచరిత్రలు. పట్టికలు గ్రంథం చివర అనుబంధంగా లేవని ముందుగా గుర్తించాలి. అవి 13వ అధ్యాయం నుంచి 22వ అధ్యాయం వరకు, రాజవృత్తాంతాలు ముగిసిన వెంటనే, గ్రంథానికి నడుములా నిలుస్తాయి. చైనా భాషలో పట్టికను బియావ్ అంటారు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా గడిచిన తరవాత షిజీకి వ్యాఖ్య రాసిన సిమా జెన్, ఆ మాటకు స్పష్టపరచడమని అర్థం చెబుతూ, సూక్ష్మంగా ఉండి పైకి కనిపించని విషయాన్ని వెలికి తెచ్చి చూపడం కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని వివరించాడు.

వెలికి తేవలసినంత మరుగున పడినది ఏమిటో తెలియాలంటే ఆనాటి కాలగణన సంగతి చూడాలి. మనకు క్రీస్తుశకమో శకసంవత్సరమో ఉన్నట్టు వారికి అందరికీ చెల్లే ఒకే శకం లేదు. ఏ సామంత రాజ్యానికి ఆ రాజ్యం తన ప్రభువు గద్దెనెక్కిన ఏడాది నుంచే లెక్క పెట్టుకునేది. మనం క్రీ.పూ. 722 అనే ఏడాది లూ రాజ్యంలో యిన్ ప్రభువుకు 1వ ఏడు. అదే ఏడాది జౌ చక్రవర్తి పింగ్‌కు 49వ ఏడు, చీ రాజ్య ప్రభువుకు 9వ ఏడు, జెంగ్ రాజ్యపు జువాంగ్ ప్రభువుకు 22వ ఏడు. ఒక రాజ్యపు గ్రంథంలో "9వ ఏట యుద్ధం జరిగింది" అని ఉంటే, మరొక రాజ్యపు గ్రంథంలో "22వ ఏట యుద్ధం జరిగింది" అని ఉంటే, అవి ఒకే యుద్ధమా రెండు యుద్ధాలా అన్నది తేల్చడానికి వాక్యాలు చాలవు. మన పాత నెల్లూరు జిల్లా శాసనాలతో పరిచయమున్న వారికి ఈ బాధ తెలుసు. దక్షిణాన గూడూరు, సూళ్ళూరుపేట వైపు దొరికిన తమిళ శాసనాల్లో చోళరాజు ఏలుబడిలో ఫలానా ఏడు అని ఉంటుంది, ఉత్తరాన కందుకూరు వైపు శాసనాల్లో శకవర్షాలు ఉంటాయి. వాటిని ఒక వరుసలో పెట్టి చూసేదాకా ఎవరికి ఎవరు సమకాలికులో బోధపడదు.

సిమా చ్యెన్ రెండవ పట్టికలో చేసినది ఇదే. దాని పేరు పన్నెండుగురు సామంతుల వార్షిక పట్టిక. చైనా లిపి పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక, ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క నిలువు వరుసగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పై గడిలో జౌ చక్రవర్తి, దాని కింద లూ, చీ, జిన్, చిన్, చూ, సోంగ్ మొదలైన రాజ్యాలు వరుసగా దిగుతాయి. పేరులో పన్నెండు ఉన్నా, లెక్కపెడితే పదమూడు రాజ్యాలున్నాయి. లెక్కలోకి రానిది ఏ రాజ్యమన్న దానిపై పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఈ పట్టిక క్రీ.పూ. 841తో మొదలవుతుంది. చైనా చరిత్రలో ఏడాది తప్పకుండా తేదీలు చెప్పగలిగేది అప్పటి నుంచే. లూ రాజ్యపు వరుసలో షియాంగ్ ప్రభువు 22వ ఏటి గడిలో కన్ఫ్యూషియస్ పుట్టాడని మాత్రం ఉంటుంది. అదే నిలువు వరుసలో పైనా కిందా ఉన్న రాజ్యాలు తమ తమ పనుల్లో ఉన్నాయి, ఆ పుట్టుక సంగతి వాటిలో దేనికీ తెలియదు. కథగా చెబితే ఈ భావాన్ని ఎవరో ఒకరు వ్యాఖ్యగా చెప్పవలసి వస్తుంది. పట్టికలో అది కంటికి కనిపిస్తుంది.

841కి ముందు మాటేమిటి? అక్కడే సిమా చ్యెన్ మీద నాకు గౌరవం ఇనుమడించింది. మొదటి పట్టికలో ఆయన పౌరాణిక కాలపు పసుపు చక్రవర్తి నుంచి 841 దాకా వంశక్రమాన్ని మాత్రమే ఇచ్చాడు, సంవత్సరాలు ఇవ్వలేదు. సంవత్సరాలతో కూడిన వంశావళులు తనకు దొరకలేదని కాదు. దొరికాయి, చదివాను, కాని వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఏదీ ఏదానితోనూ కలవడం లేదు అని పీఠికలో స్వయంగా రాశాడు. సందేహమున్న చోట ఆ సందేహాన్నే తరవాతి వారికి అందజేయాలన్నది ఆయన నియమం. చేతిలో అంకెలు ఉండీ వాటిని గడిలో రాయకుండా నిగ్రహించుకోవడం ఎంత కష్టమో, ఊరి చరిత్రలు రాయబోయిన వారందరికీ తెలుసు. మన స్థలపురాణాలు, కైఫీయతులు కలియుగాది నుంచి ఏళ్ళు లెక్కగట్టి ఇస్తాయి; వాటిని చదివేటప్పుడు నాకు ఈ పీఠిక పదేపదే గుర్తుకు వస్తుంది.

మూడవ పట్టికకు మరొక రకం కష్టం వచ్చింది. క్రీ.పూ. 213లో చిన్ చక్రవర్తి పుస్తకాలు తగలబెట్టించినప్పుడు మిగిలిన రాజ్యాల చరిత్రలకే ఎక్కువ నష్టం జరిగింది, ఎందుకంటే వాటిలో చిన్ రాజ్యాన్ని ఎత్తిపొడిచే మాటలు ఉండేవి. మిగిలినది చిన్ వారి సొంత చరిత్ర ఒక్కటే, అందులోనూ నెలలు, తేదీలు లేవు. ఓడిపోయిన రాజ్యాల గళ్ళను గెలిచిన రాజ్యపు కాగితాల సాయంతో నింపవలసి వచ్చిందని సిమా చ్యెన్ దాచకుండా చెప్పాడు.

పదింటిలోనూ నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టి ఉంచినది నాలుగవది, చిన్ పతనానికి, హాన్ స్థాపనకు నడుమ కాలపు మాస పట్టిక. మొదటిది తప్ప మిగిలినవి ఏళ్ళ లెక్కలో నడిస్తే ఇది నెలల లెక్కలో నడుస్తుంది. క్రీ.పూ. 209లో చెన్ షె అనే కూలివాడు తిరుగుబాటు లేవదీశాడు, షియాంగ్ యూ చిన్ రాజ్యాన్ని నేలమట్టం చేశాడు, చివరికి లియు బాంగ్ 202లో చక్రవర్తి అయ్యాడు. ఐదేళ్ళలో ఏలుబడి మూడు చేతులు మారిందని, మనుషులు పుట్టినప్పటి నుంచి దైవానుజ్ఞ ఇంత త్వరగా చేతులు మారిన సందర్భం లేదని పీఠికలో ఉంది. చెన్ షె రాజుగా ఉన్నది ఆరు నెలలే. ఏళ్ళ పట్టికలో అయితే అతనికి ఒక్క గడి, మహా అయితే రెండు గళ్ళు దక్కేవి. ఇక్కడ అతని ఆరు నెలలకు ఆరు గళ్ళు ఉన్నాయి. ఆ ఆరు గళ్ళను దాటి ఎడమకు వస్తే 206లో షియాంగ్ యూ దేశాన్ని పద్దెనిమిది మంది రాజులకు పంచిన చోట పట్టికలోని అడ్డ వరుసలు ఒక్కసారిగా రెట్టింపుకు పైగా పెరుగుతాయి, ఆ తరవాత ఒక్కొక్క రాజు ఓడిపోతుండగా వరుసలు ఒక్కొక్కటే మూతపడుతూ హాన్ వైపు ఒదిగిపోతాయి. కాలం వేగం పెరిగితే కొలతను చిన్నది చేయాలని ఆయనకు తోచడమే నన్ను ఆశ్చర్యపరచింది. ఏరు పొంగినప్పుడు రోజుకొకసారి కాక గంటగంటకూ మట్టం చూసి రాసుకుంటారు, అటువంటి ఆలోచనే ఇది.

ఆరవ పట్టిక వేరొక రకంగా మనసును కలచివేస్తుంది. రాజ్యస్థాపనలో తనకు తోడు నిలిచిన 143 మంది యోధులకు లియు బాంగ్ జాగీర్లు ఇచ్చాడు. హువాంగ్ హో నది నడికట్టంత సన్నబడినా, తైషాన్ పర్వతం సానరాయంత అరిగిపోయినా మీ జాగీర్లు మీ సంతతికి నిలిచి ఉంటాయని ప్రమాణం కూడా చేశాడు. ఆ ప్రమాణాన్ని సిమా చ్యెన్ పీఠికలోనే ఎత్తి రాశాడు. ఆ తరవాత పట్టిక: ఒక్కొక్క యోధుడికి జాగీరు పేరు, చేసిన సేవ, ఆపైన ఒక్కొక్క చక్రవర్తి ఏలుబడికి ఒక్కొక్క గడి. తొలి గళ్ళలో తండ్రి, కొడుకు, మనవడు అని పేర్లు సాగుతుంటాయి, ఏదో ఒక గడిలో నేరం పేరు, "జాగీరు రద్దు" అన్న రెండు అక్షరాలు పడతాయి, ఆపైన ఖాళీ. నూరేళ్ళు గడిచి, క్రీ.పూ. 104లో మొదలైన తైచూ శకం నాటికి ఆ జాగీర్దార్లలో మిగిలినవారు ఐదుగురే. క్రీ.పూ. 112లో ఒక్క ఏడాదే, దేవాలయ పూజకు చెల్లించే బంగారం తూకానికో నాణ్యానికో సరిపోలేదన్న కారణంతో వూ చక్రవర్తి 106 మంది జాగీర్లను తీసివేశాడు.

వారసులు గర్వంతో చట్టాన్ని మరిచిపోయారని, చట్టం కూడా కాస్త బిగుసుకుందని పీఠికలో సిమా చ్యెన్ మెత్తగా రాసి ఊరుకున్నాడు. శత్రువుకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాని పక్షాన మాట్లాడినందుకు ఆ చక్రవర్తి చేతిలోనే అంగచ్ఛేదం అనే ఘోరశిక్షకు గురైన మనిషి ఆయన. ఆయన బయటికి అనలేని మాట ఆ ఖాళీ గళ్ళలో ఉందని నేను నమ్ముతున్నాను. గీతలు గీసి ఉన్నాయి కనుకనే ఖాళీ కనిపిస్తోంది. ఆ గీతలే లేకపోతే ఆ కుటుంబాలు ఎన్నడూ లేనట్టే అయ్యేవి.

పదవ పట్టికలో ఒక విచిత్రం ఉంది. ఇది హాన్ కాలపు మంత్రులు, సేనాపతులు, ఉన్నతాధికారుల పట్టిక. ముఖ్య సంఘటనలకు ఒక వరుస, ప్రధానమంత్రికి ఒక వరుస, సేనాపతికి ఒక వరుస, మహా పర్యవేక్షకుడికి ఒక వరుస. నియామకాలన్నీ మామూలుగా రాసి ఉంటే, మరణాలు, తొలగింపులు మాత్రం పై వరుస గడిలో తలకిందులుగా రాసి ఉంటాయి. ఎందుకన్న దానికి అందరూ ఒప్పుకున్న సమాధానం నేటికీ లేదు. పట్టిక క్రీ.పూ. 20 దాకా సాగుతుంది కనుక చివరి భాగం సిమా చ్యెన్‌ది కాదని మాత్రం స్పష్టం. చదివే కన్ను గీత వెంట పరుగెత్తకుండా ఒక మనిషి పోయిన చోట తట్టుకుని ఆగాలనే ఇలా రాశారని నాకు అనిపిస్తుంది, ఇది నా ఊహే.

ఇవన్నీ కాగితం మీద రాసినవి కావు. సన్నని వెదురు బద్దల మీద, ఒక్కొక్క బద్దకు ఒక్కొక్క వరుసగా రాసి, దారాలతో చాపలా అల్లి చుట్టేవారు. ఒక బద్ద అంటే ఒక నిలువు వరుస. బద్దలన్నిటి మీదుగా అడ్డంగా సమానమైన ఎత్తులో గళ్ళు కుదరాలి. దారం తెగి బద్దలు చెదిరితే, కథ రాసిన చుట్టను అర్థాన్ని బట్టి మళ్ళీ కూర్చవచ్చు గాని పట్టికను కూర్చడం బ్రహ్మప్రళయం. మన తాళపత్ర కవిలెకట్టల దారం తెగినప్పుడు పడే పాటు తెలిసినవారు దీనిని ఊహించుకోగలరు. ఈ పద్ధతిని సిమా చ్యెన్ గాలిలోంచి సృష్టించలేదు. జౌ కాలపు వంశావళుల పద్ధతినే ఆయన అనుసరించాడని తరవాతి శతాబ్దపు హువాన్ టాన్ చెప్పాడు. 1977లో ఫుయాంగ్ దగ్గర తవ్విన, క్రీ.పూ. 165 నాటి సమాధిలో దొరికిన వెదురు బద్దల్లో వార్షిక పట్టిక తునకలు కూడా ఉన్నాయి, అంటే ఆయన పుట్టకముందే ఆ ప్రక్రియ వాడుకలో ఉంది.

తరవాతి గొప్ప చరిత్ర హాన్ షు. దీనిని రాసిన బాన్ గూ రాజకీయాల్లో చిక్కుకుని క్రీ.శ. 92లో చెరలో మరణించాడు. అప్పటికి పూర్తికాకుండా మిగిలినవి ఎనిమిది పట్టికలు, ఖగోళ ప్రకరణం. చక్రవర్తి ఆ పనికి బాన్ గూ చెల్లెలు బాన్ జావ్‌ను గ్రంథాలయానికి పిలిపించాడు. చైనా చరిత్ర రచనలో తొలి మహిళగా ఆమెను అందరూ స్మరిస్తారు గాని, ఆమెకు అప్పగించినది గ్రంథంలోకెల్లా అతి శ్రమతో కూడిన భాగమని ఎవరూ గట్టిగా చెప్పరు. వాక్యంలో తెలియని సంగతిని దాటవేయవచ్చు. పట్టికలో ప్రతి గడీ ప్రశ్న అడుగుతుంది. ఆ ఎనిమిదింటిలో అధికారుల పట్టిక అమూల్యమైనది. ప్రాచీన, ఆధునిక వ్యక్తుల పట్టిక మాత్రం నాకు నచ్చలేదు. మహాత్ముల నుంచి మూర్ఖుల దాకా తొమ్మిది తరగతులుగా మనుషులను గళ్ళలో కూర్చోబెట్టడం, కన్ఫ్యూషియస్‌ను మొదటి తరగతిలోను లావోజీని నాలుగవ తరగతిలోను పెట్టడం పట్టిక చేయవలసిన పని కాదు. పైగా పేరులో ఆధునికులు ఉన్నారు గాని లోపల హాన్ కాలపు మనిషి ఒక్కడూ లేడు.

ఆ తరవాత చాలాకాలం పట్టికలకు గ్రహణం పట్టింది. మూడు రాజ్యాల చరిత్రలో పట్టికలు లేవు, ఫాన్ యే రాసిన తరవాతి హాన్ చరిత్రలోనూ లేవు. 710లో చరిత్ర రచన మీద విమర్శగ్రంథం ముగించిన లియు జిజీ, పట్టికలోని సంగతులన్నీ వృత్తాంతాల్లో ఉండనే ఉన్నాయని, అవి ఉంటే లాభం లేదు, పోతే నష్టం లేదని ఒక అధ్యాయంలో తీర్పు చెప్పాడు. అదే గ్రంథంలో మరొక చోట, పదివేల లీల (లీ అంటే చైనా వారి దూరపు కొలత) దూరంలో ఉన్న రాజ్యాలు అంగుళం మేరలో కుక్కపళ్ళలా ఒకదానిలో ఒకటి అమరుతాయని, తొమ్మిది తరాలు ఒక అడుగు చదరంలో ఎగిరే బాతుల బారులా కుదురుకుంటాయని పట్టికను మెచ్చుకున్నాడు. ఇంత గొప్ప విమర్శకుడు రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అన్నాడని నా అభిప్రాయం. చదవబోయినప్పుడు విసుగు, వెతకబోయినప్పుడు ఆసరా, ఈ రెండూ పట్టికతో పనిబడిన ప్రతివారికీ అనుభవమే. 1060లో ముగిసిన కొత్త టాంగ్ చరిత్రతో పట్టికలు తిరిగి వచ్చాయి. పన్నెండవ శతాబ్దంలో జెంగ్ చియావ్ షిజీ ఘనత అంతా పది పట్టికల్లోనే ఉందని, అవి దుస్తులకు కిరీటం వంటివని, చెట్టుకు వేరు వంటివని రాశాడు. లియావ్ చరిత్రలో చక్రవర్తుల ప్రయాణాలకు సైతం ఒక పట్టిక ఉంది. చింగ్ కాలపు పండితులు పట్టికలు లేని పాత చరిత్రలకు తామే పట్టికలు తయారుచేసి లోటు పూడ్చారు.

ఇదంతా చదివిన తరవాత నేను కూడా ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకుని, చాలా ఏళ్ళకు మళ్ళీ స్కేలు పట్టాను. పదమూడవ శతాబ్దానికి నెల్లూరు, ఓరుగల్లు, చోళదేశం, మధుర, చైనా అని ఐదు అడ్డ వరుసలు గీశాను. బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాలు నాకు ఆధారం. 1199 నిలువు వరుసలో గణపతిదేవుడి పట్టాభిషేకం. 1244లో మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు ఆయన ఇచ్చిన అభయశాసనం. 1251లో జటావర్మ సుందరపాండ్యుడు మధురలో గద్దెనెక్కడం, ఆ పాండ్యుడే తరవాత నెల్లూరి దాకా వచ్చి వీరాభిషేకం చేయించుకోవడం. 1260లో కుబ్లాయ్ ఖాన్ మంగోలులకు అధిపతి కావడం. 1262లో రుద్రమదేవి ఏలుబడి. కుడి చివరకు వచ్చి 1279 వరుస నింపుతూ చేయి ఆపాను. ఆ ఏడాది చైనాలో సోంగ్ వంశం సముద్రంలో మునిగిపోయింది. చోళుల చివరి రాజు మూడవ రాజేంద్రుడి ఏలుబడి కూడా ఆ ఏడాదితోనే ముగుస్తుంది. రెండింటినీ నేను విడివిడిగా ఎన్నోసార్లు చదివాను, ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా ఆ సంగతి తట్టలేదు.

నెల్లూరు వరుసలో మాత్రం ఒక గడి దగ్గర ఇంకా కూర్చునే ఉన్నాను. తిక్కన భారతాన్ని ఏ ఏడాది కింద రాయాలి? ఆయన తన గ్రంథంలో సంవత్సరం చెప్పలేదు. పండితులు చెప్పిన ఏళ్ళు ఒకదానితో ఒకటి కలవవు. తెలిసినది క్రమం మాత్రమే: ముందు నిర్వచనోత్తర రామాయణం, అది మనుమసిద్ధికి అంకితం, తరవాత భారతం, అది హరిహరనాథుడికి అంకితం. అందుచేత ఆ మేరకు ఏళ్ళ అంకెలు చెరిపివేసి, షిజీ మొదటి పట్టికలో లాగా వరుసక్రమం మాత్రమే ఉంచి, రెండు పేర్లకు రెండు గళ్ళు గీసి, పైన సంవత్సరం ఉండవలసిన చోటు ఖాళీగా వదిలాను.